గోడమేకుకు తగిలించిన బిళ్ళ

శాంతా ఎల్వీరా అణు విద్యుత్ కేంద్రంలో, బట్టలు మార్చుకునే గదిలో, ముసలి వెల్డరు మాతే అనే ఆకు టీ కోసం సొరకాయ బుర్రలో వేడినీళ్ళు పోసుకుంటున్నాడు. తనిఖీకి వచ్చిన ఇంజినీరు ఒక బిళ్ళను అతని ముందు పెట్టింది.

"రేడియేషన్ కొలిచే ఈ బిళ్ళ మీదేనా?"

"నాదే ఇంజినీరమ్మా. మాతే పుచ్చుకుంటారా?"

"తర్వాత. మీరు నెలంతా రియాక్టరు పక్కనే పైపులు అతికారు. వంటామె బిళ్ళలో ఎంతుందో మీ దాంట్లోనూ అంతే ఉంది."

"ఆవిడ వంట అంత ఘాటు మరి."

"వేళాకోళం వద్దు. మీరు లోపలుంటే ఇదెక్కడుంది?"

అతను గోడమేకు చూపించాడు.

"అక్కడ పెట్టమని ఎవరన్నారు?"

"ఒకళ్ళు అనాలా? బిళ్ళలో హద్దు నిండితే ఏడాది తిరిగేదాకా పని లేదంటారు. అందుకే అందరం తగిలించి పోతాం. మేస్త్రీ తల తిప్పుకుంటాడు."

"పని ఆపిస్తున్నాను. కంపెనీకి జరిమానా."

"కట్టేస్తారు లెండి. ఇంతకీ నా ఒంట్లోకి ఎంత పోయిందంటారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతను అడగడం ఇదే మొదలు.

"బిళ్ళ ఒంటిమీద లేకపోతే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు."

అతను మాతే పక్కన పెట్టాడు. బిళ్ళను చొక్కాతో తుడిచి ఆమె వైపు జరిపాడు.

"ఇది మాత్రం క్షేమంగా ఉందమ్మా. పట్టుకెళ్ళండి."