మొసలి వేసిన వేలిముద్ర

"దోన్యా ఎలోయీసాని ఈ నది దాటించింది ఎవరనుకుంటున్నారు?" అన్నాడు తోరిబియో.

మేమేమీ అనుకోవడం లేదు. మా ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసే ఆదివారం అది. ఓట్లు మాగ్దలేనా నది అవతలి ఒడ్డున, బడిలో. పొద్దున మగవాళ్ళని తీసుకుపోయిన పెద్ద పడవ తిరిగి రాలేదు. నాలుగింటికి బడి తలుపులు మూసేస్తారు. తోరిబియో ఇంటి ముందు ఒక పడవ బోర్లించి ఉంది. దానికోసమే ఆయన అరుగు మీద కూర్చున్నాం, నేనూ, చేపలమ్మే అబుందియా, ఇంకో నలుగురు. ఆయన బెల్లం కాఫీ పోసి కథ ఎత్తుకున్నాడు. ఓటు రోజు సారా అమ్మరు కాబట్టి, తాగి మాట్లాడుతున్నాడని సరిపెట్టుకోవడానికీ లేదు.

నేను కొండల నుంచి వచ్చి ఈ ఊరు చేరినదాన్ని. రెండు పార్టీలవాళ్ళూ చంపుకోవడం ఆపాలా అని అడిగే ఓటు ఇది. మా పెద్దకొడుకుని ఎవర్నీ అడక్కుండానే చంపారు. నేను అవతలికి వెళ్ళాలి.

"ఎలోయీసా అమ్మగారు అప్పుడు పంతులమ్మ," అంటున్నాడు తోరిబియో. "ఆడదానికి ఓటు కావాలని రేవు రేవుకీ తిరిగి, బట్టలుతికే బండలెక్కి చెప్పేది. మేయరు జైల్లో పెడితే, జైలరు పెళ్ళానికి చదువు చెప్పి ఆవిడచేతే తలుపు తీయించుకుంది. అలాంటి మనిషి వచ్చి, తోరిబియో, నువ్వు తప్ప నాకు దిక్కు లేదు అంది. ఒకటే వాన, వరద. ఒంటిచేత్తో తెడ్డేశా, రెండో చేత్తో ఆవిడకి గొడుగు పట్టా."

"నది అప్పుడూ ఇంత పోటుమీద ఉందా?" అన్నాను.

"ఇదేం పోటమ్మాయ్? దానిముందు ఇది చెమట."

"అయితే మమ్మల్ని దాటించండి బాబాయ్."

"కథ అవనీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ దగ్గరొక దుప్పటి ఉంది. ఓటు కావాలన్న ఆడవాళ్ళంతా కూరలో వేసే ఎర్రరంగు అద్దుకుని దానిమీద వేలిముద్ర వేయాలి. ఒడ్డునున్న ఆడవాళ్ళు ఆగలేక ఈదుకుంటూ వచ్చి వేశారు. ముద్రల బరువుకి పడవ అంచుదాకా దిగిపోయింది. అప్పుడు లేచింది మొసలి. తల మా పడవ దగ్గరుంది, తోక పక్క ఊళ్ళోంచి ఇంకా బయల్దేరలేదు. నేను తెడ్డెత్తా. దోన్యా నా చెయ్యి పట్టుకుని, ఆగు, ముందు ఆడదో మగదో కనుక్కో అంది."

"ఎలా కనుక్కున్నావు బావా?" అంది అబుందియా.

"పిల్లలున్నారా అని అడిగా. నలభై గుడ్లు పెడితే మొగుడు ఒక్కపూట కాపలా కాయలేదని ఏడ్చింది. దోన్యా దానికి నచ్చజెప్పింది. అది కాలు రంగులో ముంచి దుప్పటి మీద ముద్ర వేసి, పడవ తాడు కరుచుకుని, సరాసరి బొగోతా లాక్కెళ్ళింది."

"బొగోతా కొండమీద కదా బాబాయ్," అన్నాను. "నది అక్కడికి పోదు."

"పోదు. దోన్యా పిలిస్తే కొండే దిగొచ్చింది. పడవ శాసనసభ కిటికీలోంచి లోపలికి దూరింది. సభ్యులంతా బూట్లు చేత్తో పట్టుకుని బల్లలెక్కారు. ఇంట్లో మొగుడు ఓటేస్తే చాలదా అన్నాడొక ముసలాయన. దోన్యా మొసలిని ఆయన ముందుకి తోసి, ఈవిడగారి మొగుడు మీరేనా అంది. ఆయన అక్కడికక్కడే మూడు సంతకాలు పెట్టాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి చాలా కాలమైంది.

అరుగు మీది ఎండ గోడెక్కింది. "మూడు దాటింది," అన్నాను. "పడవ దించుదాం."

ఆయన నదివైపు చూశాడు. కాఫీ గిన్నెవైపు చూశాడు. "ఇంకో గుక్క తాగండి. నా భుజం కూడా కాస్త..." అన్నాడు.

లోపలినుంచి ఆయన భార్య ప్రిస్కా వచ్చింది. అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్ల గౌను, భుజాన తెడ్డు.

"దోన్యాని దాటించింది నేను," అంది. "ఈయన పడవలు చెక్కుతాడు. బాగా చెక్కుతాడు. ఎక్కడం మాత్రం ఎక్కడు. నీళ్ళు మోకాలు దాటితే దేవుళ్ళందరికీ మొక్కుతాడు. ఆ రోజు గొడుగు మాత్రం ఇచ్చాడు, ఒడ్డున నిలబడి."

"తెలుసులే అక్కా," అంది అబుందియా. "నీ గౌను ఆరేదాకా కాలక్షేపం కావాలిగా."

తెలియనిది నాకొక్కదానికే.

"వానలో గొడుగు ముఖ్యమే," అన్నాడు తోరిబియో, నేలకేసి చూస్తూ.

"లే. నువ్వూ ఎక్కు."

"ప్రిస్కా, నా ఓటు కూడా నువ్వే వేసెయ్."

"ఒకరి ఓటు ఇంకొకరు వేయకూడదనేగా ఆవిడ బతుకంతా తిరిగింది. ఈ రోజు రాకముందే కన్నుమూసింది. ఎక్కు."

ఎక్కాడు. నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. దాటుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. వాగు దాటేటప్పుడు మావాడూ చిన్నప్పుడు ఇలాగే పట్టుకునేవాడు. నేనూ గట్టిగా పట్టుకున్నాను.

అవతలి ఒడ్డున ఆయన చేతులూ కాళ్ళూ ఆనించి అందరికన్నా ముందు దిగాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, మగవాళ్ళ వరుసలో నిలబడి, ముందున్నవాడి భుజం తట్టాడు.

"వీళ్ళందర్నీ దాటించింది ఎవరనుకుంటున్నావు?"

ప్రిస్కా పడవ కడుతోంది. నేను వెళ్ళి వరుసలో నిలబడ్డాను. ఆడవాళ్ళ వరుసలో నా ముందు ఇద్దరే ఉన్నారు.