మాటిచ్చిన ఓటు

అక్కకు నిజం తెలిస్తే ఇక నా ముఖం చూడదేమోనన్నదే నా భయమంతా. ఎన్నికల మర్నాడు పొద్దున్నే, విస్కాన్సిన్‌లో నేను బిడ్డకు ఓట్స్ తినిపిస్తుంటే, పక్క రాష్ట్రం నుంచి అక్క ఫోన్ చేసింది.

"చూశావటే? మీ రాష్ట్రంలో మూడొందల ఓట్ల తేడాతో పోయాం!"

"చూశానక్కా."

"మా ఇల్లినాయిలో ఎలాగూ మనవాళ్లే గెలుస్తారని, నీ మూడో పార్టీ ఆవిడకు నేను వేశాను. జన్మలో మొదటిసారి పార్టీ తప్పాను తల్లీ. నువ్వేమో, మీ దగ్గర పోటీ గట్టిగా ఉందని, నాకు మాటిచ్చినట్టే నా బదులు అక్కడ మన పార్టీకి వేశావు. మన వంతు మనం చేశాం. ఏమే, పిల్లాడు ఏడుస్తున్నాడా?"

"వాడు కాదక్కా, నేను."

"పిచ్చిదానా, నువ్వేం చేశావని?"

"నేనూ ఆవిడకే వేశాను."

"ఏంటీ?"

"మా సమ్మెలో వానలో తడుస్తూ మా పక్కన నిలబడిందక్కా. పేరు చూడగానే మనసు ఆగలేదు."

"నా డయాలసిస్ బీమా తీసేస్తామన్నవాళ్లు గెలిచారే!"

"మూడొందల్లో నాది ఒక్కటే కదక్కా."

"మిగతావాళ్లెవరూ నాకు మాటివ్వలేదే."

ఫోన్ పెట్టేసింది. మూడు రోజులుగా నేను చేస్తే ఎత్తడం లేదు. వెళ్దామంటే నాకు ముఖం చెల్లడం లేదు. అక్క ఒంటరిది. ఇల్లినాయిలో జోలియెట్ అనే ఊళ్లో వంతెన పక్క బేకరీ మేడ మీద ఉంటుంది. మీరెవరైనా అటు వెళ్తే, డయాలసిస్‌కు వెళ్లిందో లేదో కాస్త తలుపు తట్టి చూడండి. నేను అడగమన్నానని మాత్రం చెప్పకండి.