మోటారు ఎప్పుడూ బాగానే ఉంది

అధ్యక్షులు పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, ముందు వరుసలోని సంఘ పెద్దలకు, నేను తుడిచిన బెంచీల మీద ఇన్నేళ్ళుగా కూర్చుంటున్న అక్కలకు, అన్నలకు, ఆ బెంచీల సందుల్లో చాక్లెట్ కాగితాలు కుక్కే పిల్లలకు, అందరికీ వందనాలు. (నవ్వులు)

నా ఈ వీడ్కోలు సభలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు నన్ను ఆకాశానికెత్తేశారు. కార్యదర్శిగారైతే, "ఈయనంతటి నీతిమంతుణ్ణి నేను చూడలేదు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సమయంలో కూడా లేచి వెళ్ళి నీళ్ళ మోటారు చూసుకునేవాడు" అన్నారు, మీరంతా చప్పట్లు కొట్టారు, నాకేమో చెమటలు పట్టాయి. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పండి బాబూ. (నవ్వులు) ఇరవై ఆరేళ్ళలో ఆ మోటారు చెడిపోయింది రెండుసార్లే. రెండుసార్లూ మంగళవారమే. ఆదివారం దానికి ఏ జబ్బూ లేదు.

జబ్బు నాది. ఇక్కడికి రాకముందు నేను వ్యాను డ్రైవర్ని, మా ఆవిడ తమ్ముడు నాతోపాటు లోడు ఎక్కించేవాడు. వాడు వెనక నుంచి "రానీ బావా" అని కేకేస్తేనే రివర్సు తీయాలి, అది మా ఇద్దరి ఒప్పందం. ఒక మధ్యాహ్నం, అన్నానికి ఆలస్యమవుతోందని, ఆ కేక కోసం ఆగకుండా బండి వెనక్కి తీశాను. వాడింకా వెనక తలుపు గొళ్ళెం వేస్తున్నాడు. కుడి పాదం పోయింది. అప్పటికి వాడికి పెళ్ళయి మూడు నెలలు. అదిగో, మూడో వరుసలో ఊతకర్ర పక్కన పెట్టుకుని, ఇదంతా ఇప్పుడెందుకని కళ్ళతోనే నన్ను కసురుతున్నాడు. చెప్పనివ్వరా.

స్టీరింగు వదిలేసి ఇక్కడ గుడి చూసుకునే పనిలో చేరాను. రోజుకొకసారి ఊడవమంటే రెండుసార్లు ఊడిచాను. ఎవరూ అడక్కుండానే కిటికీలు కడిగాను. ఇంకొన్నాళ్ళు ఇలా చేస్తే బల్ల దగ్గరికి వెళ్ళే అర్హత వస్తుందనుకున్నాను. రాలేదు. రొట్టె పళ్ళెం కదిలేసరికి నేనూ లేచేవాణ్ణి. మన క్రియల వల్ల కాదు, క్రీస్తు మీది విశ్వాసం వల్లే దేవుడు మనల్ని నీతిమంతులుగా తీరుస్తాడని అయ్యగారు ఎన్నిసార్లు చెప్పారో! ఆ మాట వేరేవాళ్ళ కోసంలే అనుకుని, వింటూ వింటూనే ఏ కిటికీకి దుమ్ము పట్టిందో చూసుకునేవాణ్ణి.

పోయిన నెల బల్ల జరుగుతుండగా మా బావమరిది కర్ర టకటకలాడించుకుంటూ మోటారు గదికొచ్చాడు.

"ఏమైంది బావా దీనికి?"

"ఏం లేదురా."

"మరి నీకేమైంది?"

చెప్పాను. వాడికి కోపమొచ్చింది.

"ఆసుపత్రిలోనే నిన్ను క్షమించానని చెప్పాను కదా! ఇంకా ఎంత ఊడిస్తే నా పాదం మొలుస్తుంది? నీ వల్ల కాదనే కదా ఆయన సిలువెక్కింది. అది చాలదన్నట్టు నువ్వు చీపురు పట్టుకుంటే ఎలా బావా?"



నేను వినయం అనుకున్నది ఒట్టి మొండితనమని అప్పుడు తెలిసింది. నమ్మి ఊరికే పుచ్చుకోవడం నాకు ఊడవడం కన్నా కష్టమైంది. ప్రభువు నన్ను చేర్చుకోవాలని కాకుండా, ఆయన ముందే చేర్చుకున్నాడని ఈ పని చేసి ఉంటే, ఇవే గచ్చులు ఎంత హాయిగా ఊడ్చేవాణ్ణో!

నన్ను భరించిన అయ్యగారికి, చెప్పిందే విసుక్కోకుండా చెప్పినందుకు, కృతజ్ఞతలు. ఒరే బావమరిదీ, నీకు ఏమని చెప్పను? మా ఆవిడకి కూడా కృతజ్ఞతలు. ఎందుకు లేచి వెళ్తున్నావని ఒక్కసారీ నిలదీయలేదు, అది నా చోటని తన పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

ఈ సభ కాగానే ప్రభువు బల్ల ఉంది. ఇవాళ తన పక్కనే కూర్చుంటాను. పళ్ళెం నా దాకా వచ్చినప్పుడు, ఇదిగో ఇంత చేశానని చూపించుకోవడానికి ఏమీ పట్టుకెళ్ళను. ఉత్త చేతులే చాపుతాను.

మీ అందరి దగ్గరా సెలవు.