టీచరమ్మ నవ్వు

2004లో ఒక మధ్యాహ్నం, వర్తూరులోని ఓ ఇంటి గుమ్మంలో కూలిపని చేసే ఆవిడ నిలబడి ఉంది. తలుపు తీసింది టీచరమ్మ కూతురు.

"టీచరమ్మ ఉండాదా అక్కా?"

"అమ్మ పోయి నెలయిందమ్మా. నువ్వెవరు?"

"అయ్యో దేవుడా! ఈ పక్క అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు ఇటుకలు మోసినాను. రిటైరైనాక ఆమె దినామూ సాయంత్రం వచ్చి మాకు అక్షరాలు నేర్పింది. ఊర్లో ఉండే నా బిడ్డకు మొన్న నేనే ఉత్తరం రాసినా. ఆ మాట చెప్పాలని వచ్చినా."

"నువ్వే రాసినావా!"

"రెండు పేజీలు. మొదట్లో 'ఆవు పాలు' రాయమంటే 'పాము పాలు' అని రాసినా. టీచరమ్మ ఇటుకల మీద కూలబడి, కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది."

"మా అమ్మా?"

"ఆ, ఆమే. మేమూ ఆపుకోలేకపోతిమి."

"నాకు ఆరేండ్లప్పుడు నాన్న పోయినాడు. అప్పట్నించీ ఇంట్లో అమ్మ గట్టిగా నవ్వగా నేను వినలేదు."

ఆవిడ గుమ్మం దిగబోయింది.

"ఇంక పోయొస్తా అక్కా."

"పోవద్దమ్మా. లోపలికొచ్చి కూచో, కాఫీ పెడతా. మా అమ్మ ఎట్ల నవ్విందో ఇంకొకసారి చెప్పు."