వైసాకే షుగరు సున్నాకి దిగిన కథ

సముద్రం మధ్య దీవిలో, లంబాసా పంచదార మిల్లుకి చెరకు తోలే డ్రైవర్లు ఓ రెండొందల మంది ఉంటారు. వైసాకే కంటే బాగా లారీ నడిపేవాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. కోతలు కోయడంలో మాత్రం ఆయనకి సాటి వచ్చేవాడు నదికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. ఆదివారం చర్చి అయి, భోజనాలయ్యాక, వాళ్లింటి అరుగు మీద చాప పరిచి, దంచిన వేరుపొడి కావా నీళ్లలో కలిపితే చాలు, పిలవకపోయినా నలుగురు చేరేవాళ్లు. కావా కోసం సగం, వైసాకే నోటి కోసం సగం.

ఆ ఆదివారం ముసలి ఇనోకే చాప మధ్యన చెక్క గిన్నె ముందు కూర్చుని కావాని గుడ్డలో పిండుతున్నాడు. ఆయన పక్కన ఇంకో లారీ డ్రైవరు బిసున్. ఎదురుగా వైసాకే, కుడి భుజం స్తంభానికి ఆనించి, నడుముకి చుట్టిన సులుని పాదాల మీదికి కప్పుకుని కూర్చున్నాడు. కాస్త ఎడంగా అపిసాయి. అపిసాయి చెల్లెలు కెలేరానే వైసాకే చేసుకున్నాడు. ఆ దీవివాళ్లలో బావలు ఒకర్నొకరు నలుగురిలో ఎంత మాటైనా అనుకోవచ్చు, పౌరుషం తెచ్చుకోకూడదు. మిగతావాళ్లు అంటే గొడవలైపోయే మాటలు బావ అంటే నవ్వి ఊరుకోవాలి. అపిసాయి కూడా ఒకప్పుడు లారీ తోలినవాడే. నాలుగేళ్ల కిందట షుగరు ఆయన ఎడమకాలిని మోకాలి కింద నుంచి తీసుకుపోయింది. ఇప్పుడు చంకకర్రలు గోడకి ఆనించి, ఉన్న ఒక్క కాలూ మడిచి కూర్చున్నాడు.

వైసాకే తన వంతు కొబ్బరిచిప్పెడు కావా తాగేసి, మర్యాదగా చప్పట్లు కొట్టి, చొక్కా చేయి పైకి లాగాడు. కుడి భుజానికి వెనకపక్క డాలరు బిళ్లంత తెల్లటి బిళ్ల ఒకటి అంటుకుని ఉంది.

“చూశారా దీన్ని? ఇది రెండు నెలల కిందట బ్రిస్బేన్ నుంచి వచ్చిన తెల్లాయన ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తెలుసా? వానకి ఆయన కారు కాలవలో దిగబడింది. నేను లారీకి తాడు కట్టి లాగాను.”

“లారీతో ఎవడైనా లాగుతాడు,” అన్నాడు బిసున్.

“సరిగ్గా అదే మాట తాడుకీ తోచినట్టుంది, తెగిపోయింది. ఇక లాభం లేదని నేనే దిగి బంపరు పట్టుకుని ఎత్తి రోడ్డు మీద పెట్టాను. ఆయన కార్లోనే ఉన్నాడు, చేతిలో కాఫీ కూడా ఒలకలేదు. ఆ సంతోషంలో తనకోసం తెచ్చుకున్న బిళ్లలు మూడు, వాటిని చూసే చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆయనకీ మనలాగే షుగరు. సూదిపోటు అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు, చేతికి అంటించుకుంటే షుగరు ఎంతుందో అదే చెబుతుంది. దాని లెక్కలో ఐదో ఆరో ఉంటే మామూలు మనిషి. పది దాటితే మనలాంటి వాడు. నాలుగు కంటే తగ్గిందా, పడిపోతావురా నాయనా అని డబ్బా కీచుమంటుంది.”

“నీది ఎంత చెప్పింది?” అని అడిగాడు ఇనోకే.

“మొదటి బిళ్ల మంచిది కాదు మావా. పైకి పోయింది, పైకి పోయింది అని ఒకటే కీచు. కసావా దుంప తింటే కీచు, రొట్టె తింటే కీచు. తప్పులెంచడానికి ఇంట్లో ఒకరున్నారు కదా, ఇంకొకరెందుకని పైకి పోయినప్పుడు అరిచే అరుపు బిసున్‌తో ఆపించేశాను. కిందికి దిగితే మాత్రం అరవమన్నాను.”

“నువ్వు ఆపమంటేనే ఆపాను అన్నా,” అన్నాడు బిసున్ మెల్లిగా, అపిసాయి వైపు చూసి.

“రెండో బిళ్ల పెట్టాకే అసలు కథ. మిల్లు ముందు లైన్లో ఉన్నాం. నా ముందు తొంభై లారీలు. తలుపుకి ఆనుకుని ఇలా కన్ను మూశానో లేదో కీచుమంది. చూస్తే మూడున్నర. ఇంకొకడైతే స్టీరింగు మీద తల వాల్చేసేవాడు. నేను దిగి, లోడులోంచి ఒక చెరకు గడ లాగి, అక్కడే నమిలి పారేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“పెరిగిందా?”

“పెరిగింది. హాయిగా మళ్లీ ఆనుకుని పడుకున్నాను. మళ్లీ పడింది, మూడు. ఇంకో గడ. మళ్లీ పడింది, రెండున్నర. ఇంకో రెండు గడలు. ఇలా లైను కదులుతోంది, నేను నములుతున్నాను, లైను కదులుతోంది, నేను నములుతున్నాను, గేటు దగ్గరికి వచ్చేసరికి సగం లోడు లేదు. తూకం దగ్గర కుర్చీలో కూర్చునే ఆయన లేచి వచ్చి లారీ చూశాడు, నన్ను చూశాడు. ‘చెరకు బండిలో లేదు, నీలో ఉంది, నువ్వెక్కు తూకం మీద’ అన్నాడు.”

ఇనోకే పిండుతున్న గుడ్డ పక్కన పెట్టి మరీ నవ్వాడు. అపిసాయికీ నవ్వొచ్చింది. బావ మంచి ఊపులో ఉన్నాడు, ఈ మధ్య బరువు తగ్గినా గొంతు తగ్గలేదు అనుకున్నాడు.

“ఎక్కావా మరి?”

“ఎక్కాను. నాలుగు టన్నులు తూగాను. నవ్వకండి, ఇంకా ఉంది. సగం లోడు తిన్నవాడికి షుగరు ఎంతుండాలి? వందుండాలి. గురువారం మధ్యాహ్నం ఎంతుందో తెలుసా? సున్నా. కాసేపు సున్నా మీద నిలబడి, దాని కిందికి దిగిపోయింది. కింద అంకెలు లేక డబ్బా తెల్లమొహం వేసింది.”

“సున్నా కింద ఏముంటుంది అన్నా?”

“అక్కడికి దిగినవాడెవడూ లేడు కాబట్టి నీకు తెలీదు. ఒంట్లో లేకపోతే ఒళ్లు బయట నుంచి లాక్కుంటుంది. నేను క్యాంటీన్లో నిలబడితే పక్కవాడి టీ చప్పబడిపోయింది. వాడు మూడు చెంచాల పంచదార వేశాడు, ఆరు వేశాడు, చివరికి పంచదార డబ్బా నోట్లో ఒంపుకున్నాడు, ఇసకలా ఉందన్నాడు. అనాసపళ్లమ్మే లిటియా అత్త, నాయనా నువ్వటు పోతే నా పళ్లు పులిసిపోతున్నాయి, వేరే దారిన పో అని దండం పెట్టింది. సరేనని రైలు కట్ట పక్క నుంచి వెళ్లాను. అప్పుడే చెరకు రైలు పోయింది, ముప్ఫై పెట్టెలు. మిల్లులో పిండితే నీళ్లొచ్చాయి.”

“మరి మేనేజరు ఊరుకున్నాడా?” ఇనోకే ఇంకా ఎగదోస్తున్నాడు.

“ఊరుకుంటాడా? పెద్దవాళ్లని వేడుకోవడానికి తెచ్చే తిమింగలం పన్ను పట్టుకొచ్చాడు. మన పద్ధతిలోనే మోకాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి నా ముందు పెట్టి, ‘అయ్యా, సీజను అయ్యేదాకా మిల్లుకి గాలి వచ్చే వైపు నిలబడకు’ అని బతిమాలుకున్నాడు.”

“ఆ పన్ను ఏదీ?”

“తిరిగిచ్చేశాను మావా. పన్ను తీసుకుంటే మాట ఇచ్చినట్టే కదా. గాలి ఎటు వీస్తుందో నా చేతుల్లో ఉందా?”

ఇంకో విడత చిప్పలు తిరిగాయి. వైసాకే పెదాలు తడుపుకుని మోచేతి మీద ఇంకాస్త ఒరిగాడు.

“ఈ సంగతి ఆసుపత్రి దాకా పోయింది. పెద్ద డాక్టరమ్మ స్వయంగా కబురు పెట్టింది. షుగరు వార్డులో మంచాలన్నీ రెండు వరుసలు పెట్టించి, మధ్యలోంచి నన్ను నడవమంది. నడిచాను. నడిచిన దారంతా ఇరవైలు పదులయ్యాయి, పదులు ఐదులయ్యాయి. డాక్టరమ్మ నా వెనకాలే పుస్తకం పట్టుకుని పరిగెడుతోంది, రాయలేక చేయి నొప్పంటోంది. రేపు కాళ్లు తీసేద్దామని రాసిపెట్టుకున్నవాళ్లు లేచి, చెప్పులేసుకుని ఇంటికి...”

అక్కడ ఆగిపోయాడు. ఎవరూ అపిసాయి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ గిన్నెలోకి చూశారు.

“నాలుగేళ్ల కిందట ఈ బిళ్ల దొరికుంటే ముందు నీ దగ్గరికే నడిచేవాణ్ణి బావా,” అన్నాడు వైసాకే. ఆ మాటలో కోత లేదు. అది అపిసాయికి తెలిసింది. కానీ వైసాకేకి నిశ్శబ్దం పడదు. వెంటనే అందుకున్నాడు. “అందుకే మాత్రలు కూడా మానేశాను. మూడు వారాలైంది. అవి మామూలు మనుషులకి. సున్నా కింద ఉన్నవాడు మాత్ర వేసుకుంటే ప్రాణానికే ముప్పు.”

బిసున్ నవ్వాడు. అపిసాయి నవ్వలేదు. మిగతాదంతా గాలి, ఈ ఒక్క మాటా నిజం అని ఆయనకి అర్థమైపోయింది. తను కూడా ఇలాగే ఒకప్పుడు బాగానే ఉంది కదా అని మాత్రలు మానేసినవాడే.

అప్పుడు లోపల్నించి కెలేరా ఉడికించిన కసావా పళ్లెం పట్టుకుని వచ్చింది. వాళ్లలో పెళ్లీడు వచ్చాక అన్నాచెల్లెళ్లు ముఖాముఖి మాట్లాడుకోరు. అది గౌరవం. ఏదైనా చెప్పాలంటే ఇంకొకరితో చెప్పిస్తారు. ఆమె తల వంచుకుని పళ్లెం చాప మీద పెట్టింది. దాని పక్కనే, సరిగ్గా అన్న మోకాలి ముందు, ఒక చిన్న నల్లసంచీ పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అపిసాయి జిప్పు తీసి చూశాడు. వేలు పొడిచి రక్తపు బొట్టుతో షుగరు చూసే మీటరు. మొగుడికి ఆమె చెప్పి చూసి ఉంటుంది, వినుండడు. ఇక ఆయన్ని నలుగురిలో నిలదీసే హక్కున్నవాడు ఒక్క బావే.

సరిగ్గా అప్పుడే డబ్బా కీచుమంది.

వైసాకే మొహం వెలిగిపోయింది. డబ్బా ఎత్తి అందరికీ చూపించాడు. మూడు పాయింట్ నాలుగు. “నేను చెబితే కోతలంటారు. ఇది కోస్తుందా? బిసున్, ఆ పంచదార ఇటు అందుకో.”

“ఆగు బిసున్,” అన్నాడు అపిసాయి. “బావా, లారీలో పడుకుంటే ఎటు ఆనుకుంటావు?”

“కుడివైపు తలుపుకి. స్టీరింగు అటే కదా. నీకు తెలీదా?”

“ఇప్పుడు స్తంభానికి ఏ భుజం ఆనించావు?”

వైసాకే తన కుడి భుజం వంక చూసుకున్నాడు.

“మొదటిది పెట్టుకున్నాక మిగతా రెండు బిళ్లలూ ఎక్కడ దాచావు?”

“లారీలోనే, అద్దం ముందు. చేతికందేలా.”

“అంటే రెండు నెలలు ఎండలో ఉడికాయి. నా వార్డులో ఒకతనికి ఈ బిళ్లే ఉండేది, నర్సు రోజూ మొత్తుకునేది, ఆ చేతి మీద పడుకోకు, నలిగితే అది తక్కువ చూపిస్తుంది, నమ్మకం లేకపోతే వేలు పొడిచి చూసుకో అని. బావా, నీ షుగరు ఎక్కడికీ దిగలేదు. నీ భుజం కింద నలిగి ఆ బిళ్ల కేకలు పెడుతోంది. నువ్వేమో దాన్ని ఊరుకోబెట్టడానికి లారీడు చెరకు తిన్నావు.”

ఇనోకే పగలబడి నవ్వాడు, బిసున్ తొడలు కొట్టుకున్నాడు. వైసాకే కూడా నవ్వాడు, బావ అన్నాక నవ్వాలి. కానీ అపిసాయి చేయి చాపి అలాగే ఉంచాడు.

“వేలు ఇవ్వు.”

“ఎందుకు బావా ఆదివారం పూట రక్తం...”

“ఇవ్వు.”

ఇచ్చాడు. సూది టక్కుమంది, బొట్టు వచ్చింది, స్ట్రిప్పు తాగింది. ఐదు లెక్కపెట్టేలోపు అంకె పడింది. పంతొమ్మిది పాయింట్ ఆరు.

“పొద్దున చెరకు ముట్టుకున్నాను,” అన్నాడు వైసాకే. “ఆ తీపి వేలికి అంటి ఉంటుంది. అది నా రక్తం కాదు, చెరకు.”

అది నిజంగానే జరిగే పనే కాబట్టి అపిసాయి కాదనలేదు. ఇనోకే పక్కనున్న బిందెలోంచి తనే నీళ్లు తీసుకుని, బావ ఎడమచేతిని తన చేతుల్లో పెట్టుకుని, వేలు వేలూ రుద్ది కడిగాడు. తన చొక్కా అంచుతో తుడిచాడు. ఇంకో వేలు పొడిచాడు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. పంతొమ్మిది పాయింట్ రెండు.

వైసాకే ఆ అంకెని చూశాడు. ఇంకో కోత కోసం వెతుక్కుంటున్నాడని అపిసాయికి తెలుసు. దొరికితే బాగుండునని ఒక్క క్షణం ఆయనకీ అనిపించింది.

“బావా,” అన్నాడు చివరికి వైసాకే, “నీకు మొదట ఎక్కడ మొద్దుబారింది?”

“బొటనవేలు.”

వైసాకే సులు పక్కకి తీసి, కుడికాలు మెల్లిగా ముందుకి చాపాడు. కావా గిన్నె వైపు కాలు చాపడమంటే వాళ్లలో పెద్ద తప్పు. ఆ తప్పు చేసినందుకు ఇనోకే ఊరిపెద్ద కొడుకుని కూడా చాప మీంచి లేపేసిన మనిషి. ఆయన ఇప్పుడు గిన్నెని రెండు చేతులతో పక్కకి జరిపి చోటిచ్చాడు.

బొటనవేలి కింద అరికాలు కాలి, చర్మం లేచిపోయి, చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది. ఇంజను వేడికి లారీ పెడలు కాలుతుందని, అక్కడ డ్రైవర్లంతా చెప్పుల్లేకుండా తోలితే కాలు తీసి తీసి పెడతారని అపిసాయికి తెలుసు. ఇతను తీయలేదు. వేడి తెలిస్తే కదా తీసేది.

“ఎప్పుడు కాలింది?”

“తెలీదు. మొన్న మీ చెల్లెలు చాప మీద మరక చూసి చెప్పింది.”

అపిసాయి వేలి కొన పట్టుకుని గట్టిగా నొక్కాడు. “తెలుస్తోందా?”

“లేదు బావా.”

లోపల గుమ్మం వెనకాల ఎవరో ముక్కు ఎగబీల్చారు. అపిసాయి అటు తిరగలేదు, కానీ ఆమెకి వినబడేలా కాస్త గట్టిగానే చెప్పాడు. “ఎర్రగా ఉంది. నల్లబడలేదు. నేను చూపించుకునే నాటికి నాది నల్లబడింది. దీన్ని కాపాడొచ్చు. ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు కాదు. బిసున్, నీ లారీ తియ్యి. మానేసిన ఆ మాత్రలు కూడా తీసుకోండి.”

బిసున్ తాళాల కోసం లేచాడు. ఇనోకే చంకకర్రలు తెచ్చి అపిసాయికి అందించాడు. వైసాకే ఒక్కడే కదల్లేదు. భుజం మీది బిళ్ల పీకేసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

“లే బావా,” అన్నాడు అపిసాయి.

“నువ్వు కూడా వస్తావు కదా డాక్టరు గది లోపలికి?” అన్నాడు వైసాకే, తల ఎత్తకుండా. “నాకు డాక్టర్లతో మాట్లాడటం రాదు.”