ఒకడికి చేసింది ఇద్దరికీ

ఏంటే జసింతా, కవలలిద్దరికీ ఇంకా నీళ్ళు పొయ్యలేదు? ఇవాళ టీకా సూదుల రోజు కాదూ? ఆఁ? పెద్దోడికి ముక్కు కారుతోందా? మరి చిన్నోడికేం వచ్చింది? ఏమీ రాలేదూ... ఒకడికి చేసింది రెండోవాడికీ చెయ్యాలి గనక ఇద్దర్నీ ఆపేశావన్నమాట. ఎవరు చెప్పారే నీకా మాట? వద్దులే, చెప్పకు. కూరకి ఆ మటోకె అరటికాయలిటు తే, తొక్క తీస్తూ చెబుతా.

మీ నానమ్మ లేదూ, మా అక్క నకిమెర, నువ్వు పుట్టకముందే పోయింది. నవ్విందంటే అవతల కొండమీది వాళ్ళకి వినపడేది. కవలలు పుట్టాక దాని పేరు ఎవరికి గుర్తుంది గనక, ఊరందరికీ నాలోంగోనే, కవలల తల్లి. పెద్దోడు వస్వా, చిన్నోడు కాటో. ఒకడు పాలకి ఏడిస్తే, నిద్రపోయేవాణ్ణీ లేపి పట్టేది పిచ్చిది! ఆఁ, ఆ కాటోనే, మీ నాన్న. ఏం చెబుతున్నానూ... ఆ, సూది. తట్టు రాకుండా సూది వేస్తున్నామని కబురొచ్చింది. కాటోకి దగ్గు, ఒళ్ళు కాస్త వెచ్చన. అక్కకి అత్తగారుందే, గుమ్మానికి అడ్డం నిలబడి, "ఒళ్ళు వెచ్చగా ఉన్న బిడ్డకి సూదా? నిప్పు మీద నిప్పా? పోనీ ఒక్కడికే వేయిస్తావా? రెండోవాడు అలిగితే ఇల్లు నిలుస్తుందటే?" అంది. అక్క ఆగింది. మళ్ళీ సూదులొచ్చాయి, ఈసారి వస్వాకి జలుబు. ఒకే చాప మీద పడుకునే పిల్లలు, ఒకడి చీమిడి ఇంకోడికి అంటక మానుతుందా? ఇద్దరూ ఒకేసారి బాగున్న రోజు ఎప్పుడొచ్చి చచ్చింది!

తట్టు మాత్రం ఆగలేదమ్మా. ఇద్దర్నీ కలిపే పట్టింది. కళ్ళు అతుక్కుపోయి, డొక్కలు ఎగరేసుకుంటూ... అప్పుడు కూడా మా అక్క ఒకడికి చెంచాడు నీళ్ళు పడితే రెండోవాడికీ చెంచాడే పట్టేది. వస్వా ఎగిరిపోయాడు. కవలల్ని చచ్చిపోయాడనకూడదుగా, ఎగిరిపోయాడనాలి. మీ నాన్నకి ప్రాణం మిగిలింది, ఎడం చెవి పోయింది. ఆసుపత్రిలో నర్సమ్మ, "జలుబుకీ దగ్గుకీ సూది ఆపమమ్మా, తీసుకొస్తే మేమే చూసి వేసేవాళ్ళం కదా" అంది. అక్క ఆ తరవాత బతికినన్నాళ్ళూ భోజనాల దగ్గర రెండాకులు వేసేది. మీ నాన్న తింటుంటే, తను రెండో ఆకు ముందు కూర్చుని ఈగలు తోలేది. నాకా ఇంట్లో అన్నానికి కూర్చోవాలంటే భయమేసేదే.

ఇందాక నువ్వు నీ పెద్దోడి ముక్కు తుడుస్తుంటే మళ్ళీ అదే భయం. మరీ ఒంట్లో బాగోకపోతే అక్కడ వాళ్ళు చూసి చెబుతారు, ఇంట్లో కూర్చుని నువ్వూ నేనూ తేల్చేది కాదిది. ఒకడికి చేసింది ఇద్దరికీ చెయ్యాలి, అంతేగా? చెయ్యి మరి. ఇద్దరికీ వేయించు. లే, మీ నాన్నని సైకిల్ తియ్యమను. అదిగో, పెరట్లోనే ఉన్నాడు.

అటునించి కాదే... కుడిపక్కకెళ్ళి పిలు.