రెండో డికాక్షను

"అమ్మమ్మా, పెద్ద ఫిల్టరు ఒక్కసారి వేస్తే ఎన్ని గ్లాసులొచ్చేవి? నా కాఫీ కొట్టుకి లెక్క వేసుకోవాలి," అని అడిగాను.

ఎన్నంటే ఏం చెప్పనమ్మా... ఎంతమందుంటే అన్ని. నవ్వకు, నిజం. పిఠాపురంలో మా అత్తవారింట్లో ఇత్తడి ఫిల్టరుండేది, ఇంతెత్తు. పొడి ఒక్కసారే వేసేవాళ్ళం. మొదట చిక్కగా, నల్లగా దిగేది చూడూ, అది మావగారికీ, మీ తాతయ్యకీ, ఇంటికొచ్చినవాళ్ళకీ. మళ్ళీ అదే పొడి మీద వేణ్ణీళ్ళు పోస్తే దిగేది రెండో డికాక్షను. అది ఆడవాళ్ళది. ఎవరూ అలా తాగమని చెప్పలేదు, ఏంటో, జరిగిపోయేదంతే.

గింజలు మాత్రం మా అత్తగారే వేయించేవారు. కాకినాడ నుంచి తెప్పించేవాళ్ళం, వీశె... కాదు కాదు, వీశెలు మా అమ్మ కాలంలో. అప్పటికి కిలోలొచ్చేశాయి. వీధి చివరికి వాసనొచ్చేది. మా చినమావగారు గుమ్మంలోంచే, "వదినా, మిమ్మల్ని చూడ్డానిక్కాదు, కాఫీకొచ్చాను" అనేవారు. "నన్ను చూస్తూ కూచుంటే కాఫీ ఎవరు కలుపుతారయ్యా?" అనేవారీవిడ.

ఏం చెబుతున్నాను? ఆఁ. చివర్లో అత్తగారు మంచం పట్టారు. అన్నం మానేశారు, మందు మానేశారు. ఓ పొద్దున "కాస్త కాఫీ ఇస్తావా?" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. మొదటి డికాక్షనుతోనే కలిపి పట్టుకెళ్ళాను. ఒక్క గుక్క తాగి గ్లాసు దించేశారు.

"ఇది మీ మావగారిదే. పొరపాటున నాకు తెచ్చావు. వెళ్ళి ఇచ్చెయ్, చల్లారిపోద్ది."

మావగారు పోయి అప్పటికి ఏళ్ళయిందమ్మా.

"మీకేనండీ అత్తయ్యా" అంటే నమ్మరే! నోరు గట్టిగా మూసేసుకున్నారు. ఇదైనా కడుపులోకి వెళ్ళకపోతే ఇంకేముంది? పక్కన కూచుని, "మగాళ్ళందరూ తాగేశారండీ, ఇది మిగిలింది" అన్నాను.

మిగిలిందంటే తీసుకున్నారు.

నెమ్మదిగా సగం తాగారు. గ్లాసులోకి అలా చూస్తూ, "ఇంత మంచి కాఫీ ఇచ్చేదాన్నా వాళ్ళకి?" అన్నారు. మిగతాది నా చేతిలో పెట్టి, "నువ్వూ ఎరగవుగా, తాగు" అన్నారు.

నేనూ అదే మొదటిసారి...

లెక్కలు నువ్వు చూసుకో తల్లీ, నాకేం తెలుసు. కొట్టు చల్లగా నడవాలి, పదిమంది నీ పేరు చెప్పుకోవాలి. పొద్దున్నే దిగిన మొదటి గ్లాసు మాత్రం... నువ్వు తాగమ్మా. మిగిలింది కాదు.